మెట్ట మీది గీతలు: జగ్గయ్యపేట, నందిగామల పాలనా చరిత్రపై ఒక సమీక్ష

కృష్ణా జిల్లా చరిత్ర అనగానే బందరు రేవు, బెజవాడ ఆనకట్ట, దివిసీమ, కాలువల కింద వరిచేలు ముందుకొస్తాయి. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలకు ఆ కథలో దక్కేది ఒకటి రెండు పేరాలే. మునేరు, వైరా, పాలేరు పారే ఈ పడమటి మెట్ట నల్లరేగడి నేల. పత్తి, మిరప ఇక్కడి పంటలు. హైదరాబాదు రోడ్డు దీని నడుమ నుంచే పోతుంది. పాలనాపరంగా చూస్తే ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇంతగా గీతలు పడిన నేల మరొకటి లేదు. రెండున్నర శతాబ్దాల్లో ఇక్కడ సర్కార్లు, పరగణాలు, జమీలు, తాలూకాలు, సమితులు, మండలాలు వచ్చాయి. రాజ్యాల మధ్య సరిహద్దు ఇక్కడే పడింది, ఇక్కడే చెరిగింది, మళ్లీ ఇక్కడే లేచింది.

ఈ గీతలు ఎవరు గీశారు? దేనికోసం గీశారు? వాటివల్ల ఇక్కడి రైతుకు కచేరీ దగ్గరైందా, దూరమైందా? ఈ వ్యాసం అడిగే ప్రశ్నలు ఇవే. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ప్రాంతపు హద్దులు దాదాపు ఎప్పుడూ ఇతరుల అవసరాల కోసమే ఏర్పడ్డాయి. ఒకసారి రేవు కోసం, ఒకసారి వజ్రాల కోసం, ఒకసారి పార్లమెంటు స్థానం లెక్క కోసం. మెట్టకు మేలు జరిగిన సందర్భాలు వేరు. అవి పెద్ద పేర్లు మారినప్పుడు కాదు, అధికారం ఊరికి దగ్గరగా వచ్చినప్పుడు.

ఆధారాలు

ఈ చరిత్రకు మూడు రకాల ఆధారాలున్నాయి. మొదటివి శాసనాలు. జగ్గయ్యపేట దగ్గరి ధనబోడు మీది బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి నమోదు చేశాడు. రెండోవి పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు. మూడోవి ప్రభుత్వ గ్రంథాలు. వాటిలో గోర్డన్ మెకంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ముఖ్యం.

ఈ మూడూ ఒకే చోట నిలబడి చూడవు. మాన్యువల్ కలెక్టరు కుర్చీలోంచి చూస్తుంది. దాని ధ్యాస శిస్తు మీద, వేలాల మీద, జమీందారుల బాకీల మీద. కైఫీయతులు కరణాల నోటి మాటలు. ఊరి హద్దులు, మిరాశీలు, గుళ్ల మాన్యాలు వాటిలో కనిపిస్తాయి. పన్ను కట్టిన మనిషి కచేరీ మెట్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో మాత్రం రెండూ చెప్పవు. ఆ ఖాళీని దృష్టిలో పెట్టుకునే వీటిని చదవాలి.

గీత పడని కాలం

ధనబోడు ఆయక స్తంభాల మీది శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో పాలనా సంవత్సరం నాటిది. అంటే మూడో శతాబ్దం. కమ్మరాష్ట్రంలోని నడతూరుకు చెందిన సిద్ధార్థుడనే శిల్పి, వేలగిరి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర ఐదు స్తంభాలు నిలిపించాడని అందులో ఉంది. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ గుట్ట దగ్గరికి వచ్చి దానం చేసిన మనిషి తన ఊరితోపాటు తన రాష్ట్రం పేరు కూడా చెప్పుకున్నాడు. పాలనా విభాగం మనిషి గుర్తింపులో భాగం కావడం అప్పటికే ఉందన్నమాట.

తర్వాతి శతాబ్దాల్లో నేటి మధిర, నందిగామ ప్రాంతాలు రెండూ నతవాడి సీమలో ఉండేవి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబను నతవాడి రుద్రుడు పెళ్లాడాడు. నేటి ఖమ్మం జిల్లా మధిరకూ, నేటి ఎన్టీఆర్ జిల్లా నందిగామకూ మధ్య అప్పుడు ఏ గీతా లేదు. మునేరు రెండు ఒడ్లూ ఒకే సీమ. తెలంగాణ, ఆంధ్ర అనే విభజన ఈ నేలకు అనాదిగా ఉందని అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

రెడ్లు, గజపతులు, విజయనగర రాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు వరసగా కొండపల్లి కోట పట్టుకున్నారు. కొండపల్లి సర్కారు కింద పరగణాలు ఏర్పడ్డాయి. బందరు రేవు నుంచి గోల్కొండకు సరుకు పోయే బాట ఈ మెట్ట మీదుగా ఉండడంతో ఇక్కడి ఊళ్లకు బాట మీది ఊళ్లుగా ప్రాముఖ్యం వచ్చింది. కచేరీ కొండపల్లిలో ఉండేది. నందిగామకు అది దూరం కాదు.

1766 తర్వాత

1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. 1766 మార్చిలో జనరల్ కైలాడ్ కొండపల్లి కోట తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో నిజాంతో ఒప్పందం కుదిరింది. సర్కారులకు బదులుగా ఏటా నిజాముకు కప్పం కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. 1823లో ఒక్కసారిగా సొమ్ము చెల్లించి ఆ బాధ్యత వదిలించుకుంది.

ఈ ఒప్పందాలు మాట్లాడుకున్నది సర్కారుల లెక్కన. భూమి మీద కొలిచి హద్దు వేసే ఆలోచన అందులో లేదు. ఫలితంగా రెండు విచిత్రాలు మిగిలాయి. మొదటిది పరిటాల. కంచికచర్ల పక్కనున్న పరిటాల, గని ఆత్కూరు, ఉస్తేపల్లి, కొడవటికల్లు మొదలైన ఊళ్లలో వజ్రాల గనులు ఉండేవి. చుట్టూ ఉన్న నేల అంతా కంపెనీకి పోయినా ఆ ఊళ్లను నిజాము తన చేతిలోనే ఉంచుకున్నాడు. గనుల వైభవం తర్వాత పోయింది, కానీ ఊళ్లు మాత్రం నిజాము కిందే ఉండిపోయాయి. బ్రిటిషు జిల్లా నడిబొడ్డున హైదరాబాదు రాజ్యపు ఊళ్లు!

రెండోది మునగాల. ఆ పరగణా కొండపల్లి సర్కారుకు చెందింది కాబట్టి కంపెనీకి వచ్చింది. కానీ దాని చుట్టూ నిజాము ఊళ్లే. అక్కడి రైతు తాలూకా కచేరీ పని మీద నందిగామ రావాలంటే నిజాము రాజ్యం దాటి రావాలి. పరిటాల రైతుకూ హైదరాబాదుకూ మధ్య అంతకన్నా ఎక్కువ బ్రిటిషు నేల ఉండేది. ఇద్దరికీ పొరుగూరు పరదేశమే. పన్ను ఒకచోట, కోర్టు ఒకచోట, సంత మరోచోట.

ఈ రెండు విచిత్రాలనూ చరిత్ర పుస్తకాలు వింతలుగా చెప్పి వదిలేస్తాయి. అవి వింతలు కావు. రాజధానుల్లో కూర్చుని పేర్ల జాబితా చూసి నేలను పంచుకుంటే ఏమవుతుందో చూపే నిదర్శనాలు. మునగాలలో దీనికి మరో ముఖం కూడా ఉంది. అక్కడి జమీందారు నాయని వేంకటరంగారావు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు అండగా నిలిచారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పెనుగంచిప్రోలులో పుట్టినవారు. రెండు రాజ్యాల మధ్య చిక్కుకున్న పరగణాయే రెండు వైపుల తెలుగువారినీ కలిపే పనికి తోవ వేసింది. గీత గీసినవారు ఊహించని ఫలితమిది.

జమీ కాలం

కంపెనీ వచ్చినా మెట్టలో రోజువారీ పాలన జమీందారు చేతిలోనే ఉండేది. ఇక్కడ ఆ పేరు వాసిరెడ్డివారిది. వారి మూలస్థానం కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఉన్న చింతపల్లి. నందిగామ పరగణా ఉత్తరపు ఒడ్డున ఉంది. గుంటూరు సర్కారు 1788 దాకా కంపెనీ చేతికి రాలేదు. కాబట్టి కొన్నేళ్లపాటు ఒకే జమీ నదికి రెండు వైపులా రెండు ప్రభుత్వాల కింద నడిచింది. రాజా వేంకటాద్రి నాయుడు 1790లలో అమరావతికి మకాం మార్చాడు. బేతవోలు దగ్గర తండ్రి జగ్గయ్య పేరు మీద పేట కట్టించాడు. జగ్గయ్యపేట పాలనా కేంద్రంగా పుట్టలేదు. బాట మీద వ్యాపారం కోసం పుట్టిన ఊరది. ఆ స్వభావం దానికి ఈనాటికీ పోలేదు.

1802 శాశ్వత శిస్తు ఒప్పందం జమీందారుకు హక్కు ఇచ్చింది, గడువుకు శిస్తు కట్టకపోతే వేలం భయమూ ఇచ్చింది. వేంకటాద్రి నాయుడి తర్వాత ఇద్దరు దత్తపుత్రుల మధ్య వ్యాజ్యం దశాబ్దాలు సాగింది. 1846లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదన్న ఆ తీర్పు హిందూ ధర్మశాస్త్ర వ్యాఖ్యల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. లండన్‌లో న్యాయశాస్త్రం బాగుపడింది. ఇక్కడ జమీ చితికిపోయింది. రైతు తన పొలం ఎవరి పేరు కింద ఉందో తెలియని స్థితిలో ఒక తరం గడిపాడు.

బందరు కచేరీ

1794లో కలెక్టర్ల పాలన మొదలైంది. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి, మచిలీపట్నం జిల్లాలో కొంత కలిపి కృష్ణా జిల్లా చేశారు. 1904లో గుంటూరు విడిపోయింది. 1925లో కృష్ణాలోంచి పశ్చిమ గోదావరి వేరైంది. ఈ మార్పులన్నిటిలోనూ నందిగామ తాలూకా కృష్ణాలోనే ఉంది. జిల్లా కేంద్రం బందరులోనే ఉంది.

బందరు కచేరీకి కారణం రేవు. కంపెనీ తొలి గిడ్డంగి అక్కడ ఉండబట్టి అధికారమూ అక్కడే కుదురుకుంది. జగ్గయ్యపేట నుంచి బందరుకు దాదాపు 150 కిలోమీటర్లు. ఎడ్లబండి రోజుల్లో అది రోజుల ప్రయాణం. 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట డెల్టాను మార్చేసింది. జిల్లా యంత్రాంగం దృష్టి కాలువలు, లాకులు, నీటిపన్ను మీద నిలిచింది. ఆనకట్ట నీళ్లు ఎక్కని మెట్ట, చెరువుల మీదా వానల మీదా ఆధారపడి మిగిలింది. 1889లో వరంగల్ నుంచి బెజవాడకు వచ్చిన రైలుమార్గం మధిర మీదుగా పోయింది. నందిగామ రోడ్డు మీది ఊరుగానే ఉండిపోయింది. రేవు తూర్పున, రైలు ఉత్తరాన, నీరు దక్షిణాన. మూడూ మెట్టను తప్పించుకునే పోయాయి.

బ్రిటిషు పాలన క్రమశిక్షణ తెచ్చిందని, సర్వేలు చేయించిందని, రికార్డులు ఏర్పరచిందని ఒక వాదం ఉంది. అది నిజమే. మెట్ట గ్రామాల పొలాలకు సర్వే నంబర్లు, అడంగళ్లు అప్పుడే వచ్చాయి. కానీ రికార్డు ఉండడం వేరు, రైతు చేతికి అందడం వేరు. అది కరణం ఇంట్లోని పెట్టెలో ఉండేది. దానికి పైమాట తాలూకా కచేరీది. ఆ పైన బందరు.

చెరిగిన గీత

1947 ఆగస్టు తర్వాత ఈ మెట్ట ఒక్కసారిగా దేశ సరిహద్దయింది. కోదాడ వైపు హైదరాబాదు రాజ్యం, జగ్గయ్యపేట వైపు స్వతంత్ర భారతం. రజాకార్ల భయంతో అటు ప్రజలు ఇటు ఊళ్లకు వచ్చి తలదాచుకున్నారు. పరిటాల ప్రజలు నిజాము అధికారాన్ని తోసిపుచ్చి తమ ఊళ్లు స్వతంత్రమని ప్రకటించుకున్నారు. పరిటాల రిపబ్లిక్‌గా అది జనం జ్ఞాపకంలో నిలిచింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి ఈ రోడ్డు మీదే కదిలింది. మొదటి రోజే కోదాడ, మునగాల దాకా చేరింది. తర్వాత పరిటాల ఊళ్లు కృష్ణా జిల్లాలో కలిశాయి. మునగాల నల్గొండ జిల్లాకు పోయి, నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. 1766 నాటి చిక్కు దాదాపు 180 ఏళ్లకు విడింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. విశాలాంధ్ర కోసం గట్టిగా నిలబడి, ఆంధ్రప్రదేశ్ తొలి శాసనసభాపతి అయిన అయ్యదేవర కాళేశ్వరరావు నందిగామ ప్రాంతం మనిషే. సరిహద్దు పక్కన పెరిగిన మనిషికి దాని భారం తెలుస్తుంది. జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాల కృష్ణ మహేశ్వరప్రసాద్ కృషి కూడా గీతలు దాటినదే. నాగార్జునసాగర్ ప్రాజెక్టు కోసం ఆయన సొంత డబ్బు ఖర్చుపెట్టి తిరిగారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి ఈ మెట్టకు చేరింది. జిల్లాల గీతలను లెక్కచేయని తొలి పాలనా వ్యవస్థ ఇక్కడి రైతుకు ఆ కాలువే. అయినా చివరి భూములకు నీరు అందుతుందా అన్న బెంగ అప్పటినుంచీ వదల్లేదు.

మండలం

ఇంతకాలమూ ఒకే తాలూకాగా ఉన్న నందిగామలోంచి జగ్గయ్యపేట తాలూకా వేరుపడింది. అసలు మార్పు 1984, 85లలో వచ్చింది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలను రద్దు చేసింది. 1985 మే నెలలో మండలాలు ఏర్పడ్డాయి. నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు, జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు. రెండు కచేరీల స్థానంలో ఏడు. వత్సవాయి రైతు తహసీలుదారును కలవడానికి జగ్గయ్యపేట బస్సెక్కాల్సిన అవసరం పోయింది. ఊళ్లకు అధికారి ఇంత దగ్గరగా ఉండడం ఈ మెట్ట చరిత్రలో అదే మొదటిసారి.

ఈ సంస్కరణ మీద రెండు అభిప్రాయాలున్నాయి. తరాలుగా ఊరి పెత్తనం కొన్ని కుటుంబాల చేతుల్లో ఉండడాన్ని అది తెంచిందని ఒకటి. కరణంతో పాటు పొలాల జ్ఞాపకమూ పోయి రికార్డు గందరగోళమైందని రెండోది. రెండూ సబబే. అధికారం దగ్గరికి తెచ్చినవారు రికార్డునూ అంతే శ్రద్ధగా దగ్గరికి తేలేదు. ఆ లోటు తీర్చడానికి వచ్చిన సమగ్ర భూసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే మొదలైంది. అనంతరం వచ్చిన భూహక్కు చట్టం మీద రైతుల్లో భయాలు పెరిగి, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కొలత యంత్రం చేయగలదు. హద్దు మీద నమ్మకం ఊరివాళ్ల సమక్షంలోనే కుదురుతుంది.

మళ్లీ లేచిన గీత

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు మళ్లీ సరిహద్దయింది. ఆ గీత బరువు 2020 మార్చిలో అందరికీ తెలిసింది. లాక్‌డౌన్‌లో హైదరాబాదు నుంచి సొంతూళ్లకు బయల్దేరిన వేలమంది గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. సాగర్ ఎడమ కాలువ నీళ్లకు ఇప్పుడు కృష్ణా నదీ యాజమాన్య బోర్డు మాట కావాలి. కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టు దగ్గర విద్యుత్తు ఉత్పత్తి మీద 2021లో రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. విజయవాడ పార్లమెంటు స్థానం హద్దులే ఎన్టీఆర్ జిల్లా హద్దులయ్యాయి. నందిగామ కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఆ ఏడు మండలాలూ దాని కిందికి వచ్చాయి. కలెక్టరేటు బందరుకు బదులు విజయవాడలో ఏర్పడడంతో జగ్గయ్యపేటకు దూరం సగానికి తగ్గింది. ఆర్డీవో నందిగామలోనే ఉన్నారు. ఇది నిస్సందేహంగా మేలు.

పేరు మీద చర్చ ఎక్కువ జరిగింది. రామారావు పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలో ఉండగా ఆయన పేరు విజయవాడ జిల్లాకు పెట్టడమేమిటని కొందరన్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న మెట్ట కృష్ణా పేరు కోల్పోయిందని మరికొందరు బాధపడ్డారు. ఆ మాటల్లో ప్రేమ ఉంది. నాకు ఇంకా ముఖ్యంగా తోచే విషయాలు రెండు. ఒకటి, 2011 లెక్కల ప్రకారం కొత్త జిల్లా జనాభాలో సగానికి దగ్గరగా విజయవాడ నగరంలోనే ఉంది. నగరం వరదలు, ట్రాఫిక్, ప్రముఖుల రాకపోకలతో తలమునకలయ్యే కలెక్టరేటుకు వీరులపాడు ఎంత గుర్తుంటుంది? రెండు, కలెక్టరు విజయవాడకు వచ్చినా 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు పాత ఉమ్మడి జిల్లాకే కొనసాగింది. రెవెన్యూ ఒక హద్దులో, పంచాయతీరాజ్ మరో హద్దులో నడవడం మెట్టకు పాత అనుభవమే.

కొరియా పాఠం

ఇతరుల అవసరాల కోసం హద్దులు మారే ఈ సమస్య మనదొక్కటే కాదు. దక్షిణ కొరియా పల్లెసీమల్లోనూ మన జిల్లా, మండలం, గ్రామం లాంటి అంచెలున్నాయి. గున్, మ్యోన్, రి. 1914లో జపాను వలస ప్రభుత్వం మూడు వందలకు పైగా ఉన్న గున్‌లను కలిపి 220కి కుదించింది. మ్యోన్‌లను కూడా భారీగా తగ్గించింది. పన్ను వసూలుకు, అజమాయిషీకి అది సులువు. శతాబ్దం తర్వాత అక్కడి పల్లెలు జనం తగ్గి వెలవెలబోతుంటే మరో రకం విలీనాలు వచ్చాయి. 2023 జులై 1న కున్వీ అనే పల్లె జిల్లా ఉత్తర గ్యోంగ్‌సాంగ్ రాష్ట్రం నుంచి తేగు మహానగరంలోకి పోయింది. కొత్త విమానాశ్రయం నిర్ణయంతో ముడిపడిన మార్పు అది.

మన దగ్గర విభాగాలు పెరిగాయి, అక్కడ తగ్గాయి. కానీ రెండుచోట్లా పల్లె హద్దును నిర్ణయించినది పల్లె అవసరం కాదు. నగరం పక్కన చేరిన పల్లెకు నగరపు సౌకర్యాలు దక్కుతాయా, లేక నగరానికి ఖాళీ నేలగా మిగులుతుందా అన్నది కున్వీకీ నందిగామకూ ఒకే ప్రశ్న. అమరావతి, విజయవాడల విస్తరణ మెట్ట వైపు చూస్తున్నకొద్దీ ఈ ప్రశ్న పదునెక్కుతుంది.

ఏం కావాలి

ఇంతవరకు చూసినదాన్ని కలిపి చెప్పుకుంటే మూడు నిర్ధారణలు వస్తాయి. మొదటిది, పై స్థాయి హద్దులు ఎన్నిసార్లు మారినా మెట్ట బతుకును నిజంగా మార్చినవి కింది అంచెలు. 1859, 1904, 1925ల కన్నా 1985 ఇక్కడ పెద్ద సంవత్సరం. 2022లో కూడా జిల్లా పేరు కన్నా నందిగామ డివిజనే విలువైనది.

రెండోది, కచేరీ, రికార్డు, నీరు మూడూ ఒకే దిశలో దగ్గరైతేనే మేలు నిలుస్తుంది. 1985లో కచేరీ వచ్చింది, రికార్డు వెనకబడింది. 1967లో నీరు వచ్చింది, దాని మీద మాట చెల్లే అధికారం వేరే జిల్లాల్లో, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉండిపోయింది.

మూడోది, సరిహద్దు గీసే ముందు దాన్ని దాటే మనుషుల్ని, నీటిని, సంతను లెక్కలోకి తీసుకోకపోతే పరిటాల, మునగాలలు మళ్లీ పుడతాయి. ఈసారి వజ్రాల కోసం కాకపోవచ్చు. నీటి వాటా కోసమో, ధాన్యం లారీ కోసమో, ఆస్పత్రికి పోయే అంబులెన్సు కోసమో.

కాబట్టి కావలసినవి స్పష్టంగానే ఉన్నాయి. నందిగామ డివిజన్‌లో భూవివాదాలు అక్కడే తేలేలా సిబ్బందినీ అధికారాన్నీ ఇవ్వాలి. జిల్లా పరిషత్తు హద్దును రెవెన్యూ హద్దుతో కలపాలి. ఎడమ కాలువ చివరి భూముల నీటి విషయంలో ఖమ్మం, సూర్యాపేట, ఎన్టీఆర్ జిల్లాల అధికారులు ప్రతి సాగు కాలానికి ముందు రైతులతో కలిసి కూర్చునే స్థిరమైన ఏర్పాటు ఉండాలి. రేపు జిల్లాల హద్దులు మళ్లీ మార్చాల్సి వస్తే ఓటరు జాబితా ఒక్కటే ఆధారం కాకూడదు. ఈ మెట్ట రైతు ఒక పని మీద ఎన్ని కచేరీల గడప తొక్కుతున్నాడో ముందు లెక్క తీయాలి. ఆ లెక్క తగ్గించిన సంస్కరణే సంస్కరణ. తగ్గించనిది ఎంత గొప్ప పేరు పెట్టుకున్నా బోర్డు మార్పు మాత్రమే.